మామగారి గొంతు పెంచడం

మామగారిది మెత్తని గొంతు. ముప్ఫై నాలుగేళ్లు బస్సు డిపోలో హెడ్ మెకానిక్‌గా చేసిన మనిషికి అంత మెత్తని గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఇంజన్ల రొదలో ఆయన ఏం చెప్పినా ఎవరికీ వినబడేది కాదు. అందుకని చెప్పడం మానేసి చేసి చూపించేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లకు పని బాగా అబ్బిందంటే కారణం అదేనని డిపోలో చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం దాని వల్ల ఎవరికీ ఏమీ అబ్బలేదు. అత్తగారికి నలభై దాటగానే చెవులు మొరాయించాయి. మెత్తగా మాట్లాడే మొగుడూ, వినబడని పెళ్లామూ కలిసి సగం కాపురం సైగలతో, మిగతా సగం "ఆఁ? ఏవిటీ?"లతో లాక్కొచ్చారు.

రిటైరైన రోజున డిపో వెనక షెడ్డులో కుర్చీలు వేసి, పూలగుత్తి చేతికిచ్చి, ఆయన్ని నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి, దానికేసి అనుమానంగా చూసి, పక్కకు జరిపేసి ఒక నిమిషం మాట్లాడారు. "మీకేసే చూస్తూ ఏదో చెప్పారండీ" అని ఆ తర్వాత అత్తగారితో అందరూ అన్నారు. ఏం చెప్పారో మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆయన్నే అడిగితే "అదా, ఏదో అన్నాలే" అని నవ్వేసేవారు. తర్వాత ఆరేళ్లకు ఆయన పోయారు. ఆ "ఏదో" ఒక డిస్కులో మిగిలిపోయింది.

ఆ డిస్కు ఇప్పుడు కోడలి లాప్‌టాప్ పక్కన, చిన్న డ్రైవులో గరగరమంటూ తిరుగుతోంది. ఆదివారం, ఉదయం పది గంటలు. సాయంత్రం నాలుగింటికి అందరూ హాల్లో కూర్చుని టీవీలో చూడాలని అత్తగారు వారం క్రితమే ప్రకటించేశారు.

తొందరకు కారణాలు రెండు. డిస్కు అంచున తెల్లని మచ్చలు పట్టాయి. ఫైలుగా మార్చి టీవీకి తగిలించిన పెట్టెలో దాచకపోతే ఇంకో ఏడాదికి అది గిన్నెల కింద పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. రెండోది అత్తగారి చెవులు. అవి కూడా ఏడాదికి మించి నిలవవు. ఆ మాట చెప్పింది వేరెవరో కాదు, కోడలే. ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేసేది ఆవిడే.

అద్దాల గదిలో రోగిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నవీ లావువీ బీప్‌లు వినిపించి, ఎక్కడ వినబడటం ఆగిపోతోందో కాగితం మీద గీత గీయడం ఆమె ఉద్యోగం. బీప్ మేడమ్ అంటారు అక్కడ. బీప్‌లు అయ్యాక మాటల పరీక్ష. "ఏది వినబడితే అది గట్టిగా పైకి చెప్పండి. సగం వినబడితే సగమే చెప్పండి. అర్థం అక్కర్లేదు. సిగ్గుపడొద్దు" అని ప్రతివాళ్లకూ ఒకటే పాఠం చెబుతుంది. అత్తగారికైతే ఆర్నెల్లకోసారి చొప్పున పదిహేనేళ్లుగా చెబుతోంది. అత్తగారు ఆ పరీక్షంటే ప్రాణం పెడతారు. కళ్లు మూసుకుని, గుక్క తిప్పుకోకుండా, గది దద్దరిల్లేలా అప్పజెప్పేస్తారు.

అలాంటి మనిషికి ఒక డిస్కులోని శబ్దం సరిచేయడం ఎంత పని? కోడలు కూడా అలాగే అనుకుంది. డిస్కును ఫైలుగా మార్చే ప్రోగ్రాం తెరిచి, ఆడియో సెట్టింగ్స్‌లో మొదట "ఉన్నది ఉన్నట్టు" అన్నదానికి టిక్కు పెట్టి చూసింది. మామగారి పెదవులు కదిలాయి, ఫ్యాన్ల హోరు వినబడింది, అంతే. దాని కింద జరిపే బార్ ఒకటి ఉంది, సున్నా నుంచి నాలుగు దాకా. పెద్ద శబ్దాల్ని అణిచి, చిన్న శబ్దాల్ని పైకి లేపుతుంది. రెండు దగ్గర పెట్టింది. ఎవరో దగ్గారు, కుర్చీ కిర్రుమంది. మూడు దగ్గర పెట్టింది. హోరులోంచి, గోడవతల మనిషి మాట్లాడుతున్నట్టుగా, ఆయన గొంతు లేచింది.

కోడలికి కళ్లు చెమర్చాయి. "నాకు పెద్ద పెద్ద మాటలు రావు" అంటున్నారు ఆయన. తనకు ఆ ఇంట్లో మొదటి రోజునే "భయపడకమ్మా" అన్న గొంతు అది. అదే మెత్తదనం.

ఇంకో రెండు మూడు మాటల తర్వాత ఆ గొంతు మీదికి ఇంకో గొంతు వచ్చింది. కెమెరాకు బాగా దగ్గరగా, ఒక ఆడపిల్ల గుసగుస.

"ఆ ఉద్యోగం వచ్చేసిందే. మొన్న ఫోన్ చేశారు. ఆవిడకి ఇష్టం లేదట అని చెప్పేశా. వెళ్లిపోతే నా బిడ్డనెవరు చూస్తారు?"

ఆ తర్వాత చిన్న నవ్వు.

కోడలు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆ గొంతు తనదే. పక్కన కూర్చున్నది తన చెల్లెలు. కెమెరా వాళ్ల వెనకే, స్టాండు మీద ఉంది.

ఇరవై మూడేళ్ల కిందటి మాట. అప్పటికి ఏడాది ముందే వదిన, అంటే ఆమె భర్తకు అక్క, మొగుడి దెబ్బలు పడలేక ఒక్క సంచితో పుట్టింటికి వచ్చేసింది. ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్ ఉద్యోగానికి పెట్టుకుంది. జీతం కన్నా ఆమెకు ఉద్యోగంతో వచ్చే గది ముఖ్యం. ఇంటర్వ్యూ రోజున ఆ గదిని చూసొచ్చి వారం పాటు దాని గురించే చెప్పింది: మెట్ల పక్కన ఉందట, కిటికీ తెరిస్తే ఆటస్థలమట, తలుపుకి లోపల్నుంచీ బయట్నుంచీ కూడా తాళమట. ఆ తర్వాత హాస్టల్ వాళ్ల ఫోన్ వచ్చింది. ఎత్తింది కోడలు. అప్పుడామెకు అయిదో నెల. ఆసుపత్రిలో ఉద్యోగం కొత్త. ఎప్పుడు ఆలోచించి ఆ మాట అందో ఇప్పటికీ ఆమెకే తెలియదు, నోటి వెంట వచ్చేసింది. నెల తర్వాత మామగారు స్వయంగా వెళ్లి కనుక్కుంటే ఖాళీ నిండిపోయిందన్నారు. "మనకి లేదనుకో అమ్మా" అన్నారు ఆయన కూతురితో. వదిన ఒక రోజంతా అన్నం ముట్టలేదు. మర్నాడు లేచి కుట్టుమిషను ముందు కూర్చుంది.

ఆ వదినే పురుడు పోసింది. కోడలు ఆసుపత్రికి పరుగెడుతుంటే పసిపిల్లను ఒళ్లో వేసుకుని మిషను తొక్కింది. ఆ పిల్ల మొదటి అడుగు వేసింది ఆమె వేలు పట్టుకునే. కోడలికి టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు మంచం పక్కన కదలకుండా కూర్చుంది కూడా ఆమే. ఈ ఇంట్లో, ఆ మాటకొస్తే ఈ ప్రపంచంలో, కోడలికి అంతకన్నా దగ్గరివాళ్లు లేరు. చెప్పాలని ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో! ప్రతిసారీ కక్కలేక మింగలేక ఊరుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది మరీ పెద్దదై, నోట్లోంచి రావడానికే వీల్లేకుండా పోయింది.

వదినకు ఇప్పటికీ తన గది లేదు. హాల్లో మడతమంచం మీద పడుకుంటుంది.

కోడలు మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆ ఇరవై సెకన్లూ నొక్కేస్తే? నొక్కేసి చూసింది. మామగారు సరిగ్గా అత్తగారి వైపు తిరిగేసరికి మూగవారైపోయారు. కుడి శబ్దం వేరు, ఎడమ శబ్దం వేరు కదా, ఒకటే ఉంచితే? అదీ చూసింది. కుడివైపుది స్టేజీ మైకు నుంచి వచ్చింది. ఆయనేమో ఆ మైకును పక్కకు జరిపేశారాయె! మాటలన్నీ ఎడమవైపు, కెమెరా చెవిలోనే ఉన్నాయి, ఆమె గుసగుసతో పాటు. అసలు ఆయన ఏమంటున్నారో ఆ చోట ఆమె వినలేదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా ఆమె చెవి తన గొంతు దగ్గరే ఆగిపోయేది. పదిహేను వేలమంది చెవులు పరీక్షించిన మనిషి!

డిస్కు బయటికి తీసింది. వేలితో అంచు పట్టుకుని వెలుగులో చూసింది. మచ్చలున్నాయి. పాడైపోయిందంటే ఎవరూ అనుమానించరు. కొంచెం వంచితే చాలు.

"ఏమే, నాన్న మాట్లాడాడా?"

వదిన గుమ్మంలో నిలబడి ఉంది, మెడలో టేపు, చేతిలో రెండు టీ గ్లాసులు. కోడలు డిస్కు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా లేదు వదినా. హోరెక్కువగా ఉంది."

"నువ్వు వినిపిస్తావులే. అమ్మ చూడు, పొద్దున్నుంచీ మంచి చీర కట్టుకు కూర్చుంది. ఎవరో పెళ్లిచూపులకొస్తున్నట్టు!" అని నవ్వి, గ్లాసు బల్ల మీద పెట్టి, తగ్గించిన గొంతుతో అంది: "ఆ రోజు నేను షెడ్డు బయట భోజనాలు చూస్తున్నా. నేనూ వినలేదు. ఇన్నాళ్లకి వింటానన్నమాట."

ఆమె వెళ్లిపోయాక కోడలు డిస్కును మళ్లీ డ్రైవులో పెట్టింది. దాన్ని వంచలేదు. ఎందుకు వంచలేదంటే అత్తగారి మంచి చీర వల్ల. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు.

దారి ఒకటి తట్టింది. అత్తగారి చెవి చార్టు ఆమెకు కంఠతా వచ్చు. లావు శబ్దాలు ఇంకా కాస్త మిగిలాయి, సన్నవి ఎప్పుడో పోయాయి. గుసగుసంటే అంతా సన్న శబ్దమే. మామగారి గొంతు మెత్తనిదైనా లావుది. అంచేత రెండు ఫైళ్లు. టీవీకి ఉన్నది ఉన్నట్టు. అందులో ఎవరికీ ఏమీ వినబడదు. శబ్దం పెంచిన ఫైలు లాప్‌టాప్‌లో, హెడ్‌ఫోన్లతో అత్తగారికి మాత్రమే. ఆవిడకు మొగుడు వినబడతాడు, కోడలు వినబడదు. ఇరవై మూడేళ్లలో మొదటిసారి తన చదువు తనను కాపాడబోతోందనుకుని ఊపిరి పీల్చుకుంది.

"పెంచిన శబ్దం మనబోటి చెవులకి భరించలేనంత రొదగా ఉంటుందండీ. అత్తయ్య ఒక్కరికే చాలు" అని భర్తతో చెబితే, "నీకు తెలియందేముంది" అన్నాడాయన. ఆయనకు శబ్దాల గొడవ పట్టదు. టీవీ తీగలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడంలో మునిగిపోయాడు.

మూడున్నరకు అత్తగారిని గదిలో కూర్చోబెట్టి, చెవి మిషన్లు తీయించి, హెడ్‌ఫోన్లు తగిలించి, ఉపన్యాసం మొదటి ముక్క వినిపించింది. అత్తగారు ముందుకు వంగారు. మొహం విప్పారి, అంతలోనే వాడిపోయింది.

"ఆయన గొంతే! కానీ గొణుగుతున్నాడే. మాట విడిపడటం లేదు."

కోడలికి తెలుసు ఎందుకో. మాటను మాటగా విడదీసేది సన్న శబ్దాలే. స, చ, ట, త. అవి పెంచడానికి వేరే బార్ ఉంది. అవి పెంచితే గుసగుస కూడా లేస్తుంది. ఒక మెట్టు పెంచింది.

"ఇప్పుడు?"

"ఊహుఁ." అత్తగారు తల అడ్డంగా ఊపి, చీర కొంగు సర్దుకుని, నవ్వబోయారు. "పోనీలేవే. గొంతు విన్నాగా. చాల్లే."

ఆ "చాల్లే" కోడలికి గుండెలో గుచ్చుకుంది. రెండో మెట్టు. మూడోది. చెయ్యి ఆగింది. ఆ మూడోది దాటితే చార్టు తనను కాపాడదని ఆమెకు తెలుసు. తెలిసే, ఇంకొక్క మెట్టు తోసింది.

"అందరికీ నమస్కారం!" అని అత్తగారు కేక పెట్టారు, కళ్లు మూసుకుని. "నాకు పెద్ద పెద్ద మాటలు రావు!"

కోడలికి ఎంత సంతోషం వేసిందంటే, తను విన్నదేమిటో తనకే తట్టలేదు. ఆవిడకు వినబడిందన్నదే తట్టింది. ఆవిడ పైకి చెప్పేస్తోందన్నది తట్టలేదు. పదిహేనేళ్లుగా తనే నేర్పిన పని కాబట్టి, అది ఆమె కంటికి ఆనలేదు.

నాలుగు గంటలు. అత్తగారు సోఫా మధ్యలో. పక్కన కోడలు, ఒళ్లో లాప్‌టాప్. కింద చాప మీద వదిన, యూనిఫాం చొక్కాకు గుండీలు కుడుతూ. భర్త రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు. "ఒకటి, రెండు, మూడు" అని ఇద్దరూ ఒకేసారి నొక్కారు. టీవీలో షెడ్డు, పూలగుత్తి, ఫ్యాన్ల హోరు. మామగారు మైకు పక్కకు జరిపారు.

"అందరికీ నమస్కారం! నాకు పెద్ద పెద్ద మాటలు రావు! బస్సులు నడిచాయంటే… నా వల్ల!" అన్నారు అత్తగారు, ఇల్లంతా మోగేలా.

భర్త ఉలిక్కిపడి నవ్వాడు. "అమ్మా! మాకూ వినిపిస్తున్నావా?"

ఆవిడకు అతని మాట చేరలేదు. కళ్లు మూసుకుని, అద్దాల గదిలో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని ఉన్నారు. "ఇల్లు నడిచిందంటే… ఆవిడ వల్ల."

వదిన సూది ఆపి తల్లికేసి చూసింది. కళ్లనిండా నీళ్లు. "నాన్న అలా అన్నాడా!"

కోడలికి అప్పుడు తెలిసొచ్చింది. తెర కింద అంకెలు పరుగెడుతున్నాయి. ఇంకో పదిహేను సెకన్లు. వేలు కీ మీదే ఉంది. నొక్కితే ఆగిపోతుంది. తీగ పీకినా ఆగిపోతుంది. ఏదో చెడిందంటే నమ్ముతారు.

"ఆవిడకి నా మాట… వినబడదు. అయినా… చెప్తున్నా."

అత్తగారి మూసిన కళ్లలోంచి నీరు జారి గడ్డం దాకా వచ్చింది. తుడుచుకోలేదు. ఈ మాట కోసం ఇరవై మూడేళ్లు కాచుకున్న మనిషి. మొగుడు ఇంకా మాట్లాడుతున్నాడు, ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. కోడలు వేలు కీ మీద నుంచి తీసేసింది. తీసి, రెండు చేతులూ లాప్‌టాప్ కిందికి పెట్టేసుకుంది.

"అమ్మాయికి… ఆ హాస్టల్లో… ఉద్యోగం… వచ్చేసిందే… మొన్న ఫోన్… వచ్చేట్టుంది… ఆవిడకి ఇష్టం లేదట… అని చెప్పేశా… వస్తే మనిద్దరం… దాని గదిలో… వెళ్లిపోతే నా బిడ్డని… నాలుగు రోజులుందాం… ఎవరు చూస్తారు… దాని ఇల్లని ఒకటి… చూడాలనుంది నాకు."

ఏ ముక్క ఎవరిదో చూడకుండా, విన్నది విన్నట్టు, ఒకే రాగంలో అప్పజెప్పేశారు అత్తగారు. మామగారు ఆ చోట ఏమన్నారో కోడలు కూడా అప్పుడే మొదటిసారి వింది. తన గుసగుస కింద అన్నాళ్లూ ఉన్నది అదన్నమాట.

టీవీలో చప్పట్లు. అత్తగారు కళ్లు తెరిచి, అయోమయంగా కోడలికేసి తిరిగారు. "మీ మామయ్య మాటల్లో ఆడగొంతు కలిసిందేమిటే?"

భర్త, "ఏ హాస్టల్? ఎవరికి ఇష్టం లేదట?" అని అక్కను చూసి, పెళ్లాన్ని చూసి, మళ్లీ అక్కను చూసి, రిమోట్ పట్టుకున్న చెయ్యి దించేశాడు.

వదిన సగం కుట్టిన గుండీకేసి చూస్తోంది. దారం కొరకలేదు. సూది చొక్కాకు గుచ్చి, చొక్కాను మడిచి, మడత మీద అరచేత్తో రెండుసార్లు రాసింది.

"అప్పటికి నీకు ఎన్నో నెల?"

"అయిదు." కోడలి గొంతు ఆమెకే వినబడలేదు. "నేనే వదినా. నేనే చెప్పాను వాళ్లకి. నీకు చెప్పాలని…"

"అయిదు" అంది వదిన, లెక్క సరిపోయినట్టు.

చాప మీంచి లేచి వచ్చింది. కోడలు తల వంచేసుకుంది. తిట్టినా, చెంప పగలగొట్టినా బాగుండుననిపించింది. వదిన ఆమె వైపు రాలేదు. తల్లి ముందు వంగి, హెడ్‌ఫోన్లను జుట్టు పట్టుకోకుండా నెమ్మదిగా తీసి, చెదిరిన వెంట్రుకలు ఆవిడ చెవి వెనక్కి సర్దింది. సోఫాలో కోడలి పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే, కానీ జానెడు ఎడంగా కూర్చుని హెడ్‌ఫోన్లు తను పెట్టుకుంది.

"మళ్లీ పెట్టు."

కోడలు వెనక్కి తిప్పి పెట్టింది. ఆమెకేమీ వినబడలేదు, తెరమీద అంకెలు మాత్రం కనబడ్డాయి. ఏ అంకె దగ్గర ఏముందో ఆమెకు తెలుసు. బస్సులు. ఇల్లు. ఉద్యోగం. ఫోను. తర్వాత ఆ నవ్వు, అత్తగారు అప్పజెప్పలేకపోయిన ఒకే ఒక్క ముక్క. సరిగ్గా అక్కడ వదిన రెప్పలు ఒక్కసారి అదిరాయి. మొహం అలాగే ఉంది.

చప్పట్లు వచ్చేదాకా ఆగి, వదిన హెడ్‌ఫోన్లు తీయకుండానే, తెరకేసి చూస్తూనే అంది:

"నాన్న చివర్న ఏదో అన్నాడు. నా గది గురించి. సరిగ్గా అందలేదు. ఇంకాస్త పెంచు."

ఆయన్ని ఒక్కణ్ణీ పెంచే బార్ లేదు. ఆ సంగతి వదినకు కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది. కోడలు శబ్దాన్ని చివరి దాకా పెంచి, మొదటి నుంచి పెట్టింది.